మాల్వేర్ తొలగింపు సహాయ సేవ: ఆరు రోజుల అనుభవంపై సమీక్ష

మా ఇంటి కంప్యూటర్‌లో చేరిన మాల్వేర్‌ను, అంటే హాని చేసే ప్రోగ్రాంను, తీసివేయడానికి నేను ఆశ్రయించిన ఒక సహాయ సేవ గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. ఈ సేవలో ఎవరూ ఇంటికి రారు, మన తెరను దూరం నుంచి తమ చేతిలోకి తీసుకోరు. సమస్యను వివరంగా రాసి పంపితే, ఒక సహాయకుడు మన కంప్యూటర్ స్థితిని తెలిపే నివేదికలను అడిగి తెప్పించుకుని, వాటిని చదివి, ఏం చేయాలో అంచెలంచెలుగా రాసి పంపుతారు. చేయవలసిందంతా మనమే చేయాలి. కంప్యూటర్ వాడడమే తప్ప దాని లోపలి వ్యవహారం పెద్దగా తెలియని నాలాంటివారికి ఇది ఎంతవరకు ఉపయోగపడుతుందన్నది చెప్పాలంటే, ముందు మా కంప్యూటర్‌కు వచ్చిన రోగం ఏమిటో చెప్పాలి.

ఒక పీడీఎఫ్ ఫైల్‌ను వర్డ్ ఫైల్‌గా మార్చుకోవడానికి ఉచిత ప్రోగ్రాం కోసం వెతికి, ఫలితాల్లో అన్నిటికంటే పైన కనిపించిన లింకు నొక్కాను. అది ప్రకటన అన్న సంగతి పక్కన చిన్న అక్షరాల్లో రాసే ఉంది, నేనే చూసుకోలేదు. ప్రోగ్రాం బాగానే పని చేసింది, ఫైల్ కూడా మారింది. మర్నాటి నుంచి బ్రౌజర్‌లో ఏం వెతికినా, రెప్పపాటు కాలం ఏదో తెలియని చిరునామా కనిపించి మాయమై, ఆ తర్వాత నేను ఎంచుకోని సెర్చ్ పేజీలో ఫలితాలు రావడం మొదలైంది. వాటిలో మొదటి ఐదారూ ప్రకటనలే. బ్రౌజర్‌కు తగిలించుకునే చిన్న ప్రోగ్రాంల, అంటే ఎక్స్‌టెన్షన్ల పేజీ తెరిచి చూస్తే నేను పెట్టని ఎక్స్‌టెన్షన్ ఒకటి అక్కడ తిష్ఠ వేసి ఉంది. మిగతా వాటికి తొలగించే బటన్ ఉంది కానీ దీనికి మాత్రం లేదు. దీన్ని మీ అడ్మినిస్ట్రేటర్ ఇన్‌స్టాల్ చేశారన్న వాక్యం ఉంది. బ్రౌజర్ మెనూ అడుగున, ఈ బ్రౌజర్‌ను మీ సంస్థ నిర్వహిస్తోందన్న మరో వాక్యం కూడా కనిపించింది. మాది ఇల్లు, సంస్థ కాదు. ఆ అడ్మినిస్ట్రేటర్‌ను నేనే.

విండోస్‌తో పాటు వచ్చే డిఫెండర్ అనే యాంటీవైరస్‌తో పూర్తి స్కాన్ చేయించాను. రెండు గంటల పైచిలుకు తిరిగి, ఏ ముప్పూ లేదని తేల్చింది. ఆ పీడీఎఫ్ ప్రోగ్రాంను అన్‌ఇన్‌స్టాల్ చేసినా ఎక్స్‌టెన్షన్ కదల్లేదు. బ్రౌజర్‌నే తీసివేసి మళ్లీ పెట్టుకుంటే, తెరిచిన మరుక్షణం అదీ వచ్చి కూర్చుంది. అప్పుడు నాకు భయం వేసిన మాట నిజం.

ఆ కంగారులోనే మొదట ఒక డబ్బు తీసుకునే సేవకు ఫోన్ చేశాను. ఆ సంస్థ పేరు ఇక్కడ అనవసరం, కానీ జరిగింది మాత్రం చెప్పాలి. వారి మనిషి నా కంప్యూటర్‌ను దూరం నుంచి నడపడానికి అనుమతి తీసుకుని, కంప్యూటర్‌లో జరిగే సంఘటనల చిట్టా చూపే ఈవెంట్ వ్యూయర్ అనే కిటికీ తెరిచి, అందులో ఎర్ర గుర్తులతో ఉన్న వరసలను ఒక్కొక్కటీ చూపిస్తూ ఇవన్నీ వైరస్‌లేనని చెప్పాడు. ఏ లోపమూ లేని కంప్యూటర్‌లో కూడా అలాంటి ఎర్ర గుర్తులు వందల్లో ఉంటాయని, తెర వెనుక నడిచే ఏదో ఒక సర్వీసు మొదలవడం ఆలస్యమైనా అక్కడ ఒక గుర్తు పడుతుందని నాకు తర్వాత తెలిసింది. అతను రిజిస్ట్రీని, అంటే విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటును, శుభ్రం చేస్తానన్న ఒక ప్రోగ్రాంను నడిపి, వందల తప్పులు సరిచేశానని ప్రకటించి, ఏడాదికి చందా కట్టమన్నాడు. నేను కట్టలేదు. కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేస్తే ఆ ఎక్స్‌టెన్షన్ యథాస్థానంలోనే ఉంది.

ఇంత జరిగాక ఈ సహాయ సేవకు రాశాను. మొదటి జవాబు రావడానికి దాదాపు రోజున్నర పట్టింది. ఆ జవాబులో ఏ మందూ లేదు, అన్నీ షరతులే. మేము చెప్పేవరకు ఏ ప్రోగ్రాం నడపకండి, ఏదీ తొలగించకండి, ఒకేసారి ఇద్దరి సలహా తీసుకోకండి, ముఖ్యమైన ఫోటోలు, పత్రాలు వేరే డిస్కులోకి కాపీ చేసుకుని ఆ డిస్కును తీసి పక్కన పెట్టండి. అప్పుడు కొంచెం విసుగనిపించింది. ఇల్లు కాలుతుంటే గుమ్మం కొలతలు అడుగుతున్నారేమిటి అనుకున్నాను. ఆ షరతుల విలువ తర్వాతి రోజుల్లో గాని తెలియలేదు: వారు చదివేది ఆ క్షణాన కంప్యూటర్ ఉన్న స్థితిని, మధ్యలో మనం తోచినట్టు కదిలిస్తే వారు చదివిన నివేదిక చెల్లకుండా పోతుంది.

తర్వాత ఫార్‌బార్ రికవరీ స్కాన్ టూల్ అనే చిన్న ఉపకరణాన్ని దించుకుని నడపమన్నారు. ఇది యాంటీవైరస్ కాదు. దానంతట అది దేన్నీ పట్టదు, తీయదు. కంప్యూటర్ మొదలైనప్పుడు ఏయే ప్రోగ్రాంలు లేస్తున్నాయి, ఏ సర్వీసులు నడుస్తున్నాయి, నిర్ణీత వేళకు వాటంతట అవే నడిచే షెడ్యూల్డ్ టాస్కులు ఏమున్నాయి, బ్రౌజర్లలో ఏ ఎక్స్‌టెన్షన్లు ఉన్నాయి, గత నెల రోజుల్లో ఏ ఫైళ్లు కొత్తగా పుట్టాయి, ఏ ప్రోగ్రాంలు ఇన్‌స్టాల్ అయి ఉన్నాయి అన్నదంతా రెండు టెక్స్ట్ ఫైళ్లలో రాసి పెడుతుంది. ఆ రాతను చదివి రోగం ఎక్కడుందో తేల్చవలసింది మనిషే. దించుకునేటప్పుడు విండోస్ ఒక హెచ్చరిక చూపించింది. అది వస్తుందని, ఎందుకు వస్తుందో, సరైన చోటి నుంచి దించుకున్నామని ఎలా సరిచూసుకోవాలో సహాయకుడు ముందే రాశారు కాబట్టి నేను బెదరలేదు.

ఆ రెండు ఫైళ్లు పంపే ముందు ఒకసారి తెరిచి చదివాను. నా యూజర్ పేరు, కంప్యూటర్ పేరు, డౌన్‌లోడ్ల ఫోల్డర్‌లో ఉన్న కొన్ని పత్రాల పేర్లు అన్నీ వాటిలో ఉన్నాయి. ఒక వైద్య నివేదిక ఫైల్ పేరు కూడా అందులో కనిపించింది. ఫైల్‌లో ఏముందో బయటపడదు గానీ పేరే చాలా చెప్పేస్తుంది కదా. ఈ విషయాన్ని సేవవారు ముందుగా చెప్పవలసింది, చెప్పలేదు. నేను అడిగిన తర్వాత, ఆ ఫైల్‌ను వేరే డిస్కుకు మార్చి మళ్లీ నివేదిక తీయవచ్చని, కానీ నివేదికలోని వరసలను మాత్రం చేత్తో దిద్దవద్దని జవాబిచ్చారు. సమంజసమైన జవాబే, కానీ అడగనివారి సంగతేమిటి?

అసలు దొంగ ఎక్కడున్నాడో మూడో రోజు తేలింది. ఆ జవాబును నేను రెండు మూడుసార్లు చదువుకున్నాను, ఎందుకంటే నేను తీసేయమన్న వస్తువును తీయడం కంటే, అది ఎందుకు తిరిగి వస్తోందో చెప్పడానికే సహాయకుడు ఎక్కువ వాక్యాలు ఖర్చు పెట్టారు. కార్యాలయాల్లో వందల కంప్యూటర్లకు ఒకే ఎక్స్‌టెన్షన్‌ను తప్పనిసరిగా పెట్టడానికి బ్రౌజర్లలో పాలసీ అనే సదుపాయం ఉంది. రిజిస్ట్రీలో ఆ పాలసీ రాస్తే, బ్రౌజర్ ఆ ఎక్స్‌టెన్షన్‌ను తనంతట తానే తెచ్చుకుంటుంది, వాడేవారికి తొలగించే వీలు ఇవ్వదు. మాల్వేర్ చేసింది అంతే. తనకు తానే అడ్మినిస్ట్రేటర్ అయి, మా ఇంటి కంప్యూటర్‌ను లేని కార్యాలయానికి చెందినదిగా రాసేసింది. ఆ పాలసీని చెరిపేస్తే సరిపోదు. ఒక షెడ్యూల్డ్ టాస్క్ ఉంది. చూడడానికి ఏదో అప్‌డేట్ పనిలాగా పేరు పెట్టుకుని, కొన్ని గంటలకోసారి లేచి, యూజర్ ఫోల్డర్‌లో దాచిన పవర్‌షెల్ స్క్రిప్టును (విండోస్‌లోని పవర్‌షెల్ అనే ఉపకరణం నడిపే ఆదేశాల ఫైల్‌ను) నడిపి, పాలసీ లేకపోతే మళ్లీ రాసి పోతోంది. టాస్కును నడిపేది విండోసే, పవర్‌షెల్ కూడా విండోస్‌దే, బ్రౌజర్ తన పాలసీని తాను పాటిస్తోంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్న సామెత ఇంత చక్కగా అతికిన సందర్భం నేను చూడలేదు.

మరి డిఫెండర్ ఏమీ లేదని ఎందుకు చెప్పినట్టు? దానికీ జవాబు దొరికింది. విండోస్ సెక్యూరిటీలో మినహాయింపుల జాబితా ఒకటి ఉంటుంది. అందులో చేర్చిన ఫోల్డర్‌ను డిఫెండర్ స్కాన్ చేయకుండా వదిలేస్తుంది. సహాయకుడు చెప్పిన చోట తెరిచి చూస్తే, ఆ స్క్రిప్టు దాక్కున్న ఫోల్డర్ పేరు ఆ జాబితాలో ఉంది. నేనెప్పుడూ ఆ జాబితా తెరిచి ఎరుగను. పీడీఎఫ్ ప్రోగ్రాం ఇన్‌స్టాల్ అవుతూ మార్పులకు అనుమతి అడిగినప్పుడు నేను అవునని నొక్కినది ఇందుకన్నమాట.

తొలగింపు దశ చూడడానికి చాలా చిన్నది. సహాయకుడు నా నివేదిక ఆధారంగా, ఆ ఉపకరణం ఏమేం తీయాలో చెప్పే ఒక ఫిక్స్‌లిస్ట్ ఫైల్ తయారు చేసి పంపారు. మొదటి వరసలోనే, అవసరమైతే విండోస్‌ను పాత స్థితికి తిప్పుకునే రీస్టోర్ పాయింట్ సృష్టించమన్న ఆదేశం, దాని కింద టాస్క్, స్క్రిప్టు, పాలసీ, డిఫెండర్ మినహాయింపు, ఇప్పుడు లేని ఫైళ్లను సూచిస్తూ మిగిలిపోయిన మరో రెండు అనాథ వరసలు. ఈ ఫైల్ మీ కంప్యూటర్ కోసం మాత్రమే రాసినది, మరో కంప్యూటర్‌లో నడిపితే హాని జరగవచ్చు అని ముందే హెచ్చరించారు. ఉపకరణం ఉన్న ఫోల్డర్‌లోనే ఆ ఫైల్‌ను పెట్టి ఫిక్స్ బటన్ నొక్కితే, నిమిషంలోపే కంప్యూటర్ రీస్టార్ట్ అయింది. తీసిన ఫైళ్లు పూర్తిగా చెరిగిపోలేదు, క్వారంటైన్ ఫోల్డర్‌లోకి వెళ్లాయి. పొరపాటు జరిగితే వెనక్కి తెచ్చుకునే దారి ఉంది. బ్రౌజర్ తెరిచాను. మెనూ అడుగున ఆ సంస్థ వాక్యం లేదు. అరగంట ఆగి మళ్లీ తెరిచాను, లేదు. మర్నాడు పొద్దున్న పళ్లు తోముకోకముందే తెరిచి చూశాను, అప్పుడూ లేదు.

నేనైతే అక్కడితో ఆపేసేవాడిని. సహాయకుడు ఆపలేదు. బ్రౌజర్ సెట్టింగులను ఖాతాలో దాచి అన్ని పరికరాలకూ పంపే సింక్ ద్వారా చెడిన సెర్చ్ సెట్టింగు తిరిగి రాకుండా దాన్ని కొంతసేపు ఆపించారు. నేను ఎప్పుడో అనుమతించిన వెబ్‌సైట్ నోటిఫికేషన్ల జాబితా చూపించి, తెలియనివాటిని తీయించారు. ఆ తర్వాత మాల్వేర్‌బైట్స్ సంస్థకు చెందిన ఆడ్‌డబ్ల్యూక్లీనర్‌ను నడిపించారు. ఇన్‌స్టాల్ చేయవలసిన పని లేని ఈ చిన్న ప్రోగ్రాం ప్రకటనల మాల్వేర్ మీద, బ్రౌజర్లను కబ్జా చేసేవాటి మీద మాత్రమే దృష్టి పెడుతుంది. అది మిగిలిన రెండు ఖాళీ ఫోల్డర్లను పట్టింది. చివరగా డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్. ఇందులో విండోస్ పూర్తిగా లేవకముందే, రికవరీ వాతావరణంలో స్కాన్ జరుగుతుంది కాబట్టి, నడుస్తున్న మాల్వేర్ తనను తాను దాచుకునే అవకాశం తగ్గుతుంది. సుమారు పావుగంటలో ముగిసింది, ఏమీ దొరకలేదు. మినహాయింపు తీసేశాక వచ్చిన ఫలితం కాబట్టి ఈసారి నమ్మకం కలిగింది.

ఈ సేవలో నాకు అన్నిటికంటే పెద్ద లోపంగా తోచినది పాస్‌వర్డుల సంగతి. ఆ ఎక్స్‌టెన్షన్‌కు అన్ని వెబ్‌సైట్లలోని సమాచారాన్ని చదివి మార్చే అనుమతి ఉంది. అంటే నేను టైప్ చేసినవి చూసే వీలు దానికి ఉన్నట్టే. ముఖ్యమైన పాస్‌వర్డులను మార్చమని సహాయకుడు చెప్పారు, కానీ ఐదో రోజున, పని దాదాపు ముగిశాక చెప్పారు. మొదటి రోజే, వేరే శుభ్రమైన పరికరం నుంచి ఈమెయిల్, బ్యాంకు పాస్‌వర్డులు మార్చుకోమని, అన్ని పరికరాల నుంచి లాగౌట్ చేయమని చెప్పి ఉండవలసింది. లాగౌట్ ఎందుకంటే, లాగిన్ అయి ఉన్న స్థితిని గుర్తుంచుకునే కుకీలు దొంగ చేతికి చిక్కితే, వాటితో పాస్‌వర్డు లేకుండానే ఖాతాలోకి దూరవచ్చు. పాస్‌వర్డు మార్చినంత మాత్రాన పాత కుకీలు ప్రతిచోటా చెల్లకుండా పోవు. ఈ వివరణ కూడా నేను తిరిగి అడిగితేనే వచ్చింది. నా ఖాతాల్లో ఏ తేడా కనిపించలేదు, అది నా అదృష్టం.

ఆలస్యం రెండో లోపం, కానీ దాన్ని నేను అంతగా తప్పుపట్టను. చదివేవారు మనుషులు, ప్రతి నివేదికా వందల వరసలు. మొత్తం ఆరు రోజుల్లో నేను కంప్యూటర్ ముందు కూర్చున్నది మూడు గంటలకు మించదు, మిగిలినదంతా ఎదురుచూపే. అయితే ఆ రోజుల్లో ఆ కంప్యూటర్‌లో బ్యాంకు పని చేయకూడదు, కొత్త డిస్కులు తగిలించకూడదు. ఇంట్లో ఉన్నది ఒక్కటే కంప్యూటర్ అయితే ఇది చిన్న ఇబ్బంది కాదు. రాసిన సూచనలు స్పష్టంగా ఉన్నాయి. ఒక్కచోట మాత్రం ఫైల్‌ను డెస్క్‌టాప్ మీద పెట్టమన్నారు, నా డెస్క్‌టాప్ వన్‌డ్రైవ్ (ఫైళ్లను ఇంటర్నెట్‌లో దాచే మైక్రోసాఫ్ట్ సేవ) ఫోల్డర్‌లో ఉండడంతో ఉపకరణానికి ఫిక్స్‌లిస్ట్ దొరకక అరపూట వృథా అయింది.

అదే రోజు పని కావలసినవారికి, ఫైళ్లు వేరేచోట భద్రంగా ఉన్నవారికి నేను ఈ దారి సూచించను. విండోస్‌ను మొదటి నుంచి మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోవడమే వారికి త్వరగా అయ్యే పని. ఎలుకల బాధకు ఇంటికి నిప్పు పెట్టుకోవడమేనని కొందరు వెక్కిరిస్తారు గానీ, పాస్‌వర్డులు దొంగిలించే రకం చేరిందని తేలినప్పుడు సహాయకులు కూడా ఆ సలహాయే ఇస్తారని నాకు చెప్పారు. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ విషయంలోనైతే ఈ సేవ చేయగలిగింది తక్కువ. వారు ముందుగా నో మోర్ రాన్సమ్‌లో తాళంచెవి దొరుకుతుందేమో చూడమంటారట. 2016లో యూరోపియన్ యూనియన్ పోలీసు సంస్థ యూరోపోల్, నెదర్లాండ్స్ పోలీసులు, కొన్ని భద్రతా సంస్థలతో కలిసి మొదలుపెట్టిన ఆ వేదికలో కొన్ని రకాల రాన్సమ్‌వేర్‌కు విడుదల ఉపకరణాలు ఉచితంగా దొరుకుతాయి.

నా మటుకు నాకు, ఐదుకు నాలుగు మార్కులు. తగ్గించిన ఆ ఒక్క మార్కూ పాస్‌వర్డుల హెచ్చరిక ఆలస్యమైనందుకే. ముగింపు జవాబులో తీసేసిన ఉపకరణాల జాబితా, మిగిలిన క్వారంటైన్ ఫోల్డర్‌ను ఎలా తొలగించాలన్న సూచన పంపారు. ఫిక్స్‌లిస్ట్ ఏం చేసిందో తెలిపే నివేదికను మాత్రం ఉంచుకోమన్నారు. అందులో ఆ షెడ్యూల్డ్ టాస్క్ పేరు పక్కన, విజయవంతంగా తరలించడమైనదన్న ముక్క ఇప్పటికీ అలాగే ఉంది.