పనస బల్ల కింద బేస్ షేకర్: ఆరు నెలలు వాడాక

నాకు నాలుగేళ్లప్పుడు మెదడువాపు జ్వరం వచ్చి రెండు చెవులూ పోయాయి. ఇప్పుడు నలభై రెండేళ్లు. విజయనగరంలో వడ్రంగి పని చేస్తాను. 1919 నుంచి సంగీత కళాశాల ఉన్న ఊళ్లో పుట్టి పాట ఎరగనివాణ్ణయ్యానని చుట్టాలు జాలిపడేవారు. పాట నాకు తెలుసు. పైడితల్లి అమ్మవారి సిరిమాను పండగలో డప్పులవాళ్లు దగ్గరకొస్తుంటే పక్కటెముకల్లో మోత మొదలవుతుంది. బళ్లో మా మాస్టారు ఊదిన బెలూన్లు మా చేతికిచ్చి, రెండు అరచేతుల మధ్య పట్టుకోమని డోలు వాయించేవారు. పల్చటి రబ్బరు వేళ్ల కింద వణికేది. పండగ వెళ్లిపోతే మళ్లీ ఏడాది ఆగాలి, నా బాధల్లా అదే. అందుకే ఈ షేకర్ కొన్నాను.

ఇది అరచేయంత గుండ్రటి ఇనుప బిళ్ల. నిజానికి స్పీకరే, కానీ ముందు కాగితపు గరాటు ఉండదు. లోపల అయస్కాంతం, రాగి తీగచుట్ట ఉంటాయి. పాట నడిచినప్పుడు గాలికి బదులు, దీన్ని దేనికి బిగించామో అది కదులుతుంది. ఇంట్లో సినిమా చూసే సోఫాలకి బిగించుకోవడానికి అమ్ముతారు. చాలా కంపెనీలు చేస్తున్నాయి, పనిచేసే తీరు ఒకటే కాబట్టి పేరు రాయడం లేదు. 50 వాట్లవి రెండు తీసుకున్నాను. చిన్న ఆంప్లిఫైయర్, అడాప్టర్, వైర్లతో కలిపి 6,400 రూపాయలు. వినపడని మనిషికి ఇదెందుకని కొట్టతను కాగితం మీద రాసి అడిగాడు. ఆ కాగితం తిప్పి, ‘నాకే, వేరే ఎవరికీ కాదు’ అని రాసిచ్చాను.

మొదట ప్లైవుడ్ మంచానికి బిగించాను. అన్నీ కలిసి ఒకే ముద్దలా వచ్చింది. పొరలు పొరలుగా జిగురుతో అంటించిన చెక్క కదా, సన్న వణుకుని అది మింగేస్తుంది. నేల మీద పెడితే అసలేమీ లేదు, సిమెంటూ టైల్సూ కదిలే రకం కాదు. స్కాట్లాండ్ డ్రమ్మర్ ఎవలిన్ గ్లెనీకి పన్నెండేళ్లకల్లా వినికిడి దాదాపు పోయింది. ఆవిడ చెప్పులు విప్పి వేదిక మీద నిలబడి పాదాలతో వింటారు. చిన్నప్పుడు క్లాసులో పెద్ద డ్రమ్ముల శ్రుతిని గోడ మీద చేతులు పెట్టి పట్టుకునేవారు. అది చదివినప్పుడల్లా నాకు చెక్క గుర్తొచ్చేది. మన ఇళ్లలో చెక్క నేల లేదు కాబట్టి చెక్కని మనమే తెచ్చుకోవాలి.

మా షెడ్డులో పాత పనస పలక ఉంది. అయిదడుగుల పొడవు, ముప్పావు అంగుళం మందం. మృదంగమూ వీణా పనసతోనే చేస్తారు. మా జిల్లాలోనే, బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒక్క దుంగని తొలిచి వీణ తీస్తారు. ఆ పలకని చిత్రిక పట్టి బల్ల చేసి, కాళ్ల కింద రబ్బరు బిళ్లలు వేసి, షేకర్లు అడుగున బిగించాను. ఆ రాత్రి నేనూ మా ఆవిడా పన్నెండు దాటేదాకా బల్ల దిగలేదు. ఆవిడకీ వినపడదు.

ఏం తెలుస్తుందో చెప్తాను. డప్పు బాగా తెలుస్తుంది. మృదంగంలో ఎడమవైపు తొప్పి తొడల్లోకి వస్తుంది, కుడివైపు సన్న దెబ్బ వేళ్ల చివర గిచ్చినట్టుంటుంది. మగ గొంతు కింది స్థాయిలో పాడితే చెక్క గుర్రుమంటుంది. ఆడ గొంతు, వేణువు, వయొలిన్ పై స్వరాలు దాదాపు అందవు. ఆ తప్పు యంత్రానిది మాత్రమే కాదు. చెవి 20,000 హెర్ట్‌జ్ దాకా, అంటే సెకనుకి అన్ని అదుర్ల దాకా, వింటుంది. చర్మానికి 250 దగ్గర బాగా తెలుస్తుంది, వెయ్యి దాటితే ఇక చాలా తక్కువ. కొత్త సినిమా పాటలు కొన్ని నాకు నచ్చలేదు, మొదటి నుంచి చివరిదాకా బేస్ ఆగదు. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఖాళీ ఉంటేనే తాళం చేతికి దొరుకుతుంది. తీన్‌మార్‌లో ఆ ఖాళీ ఎంత అందంగా ఉంటుందో!

ఇది సంగీతం కాదు, ఉత్త అదురు అనేవాళ్లున్నారు. 2001లో అమెరికాలో డీన్ షిబాటా అనే డాక్టరు, బధిర విద్యార్థుల చేతికి వణుకు అందిస్తూ మెదడు స్కాన్ తీశారు. వినేవాళ్లలో శబ్దానికి పనిచేసే భాగమే వాళ్లలో ఆ వణుకుకి కదిలింది. నాకైతే స్కాన్ అక్కర్లేదు, మోటారు రంపం పళ్లు మొద్దుబారాయని చేతి వణుకుతోనే కనిపెట్టి బతుకుతున్నాను. కానీ ఎవరైనా అడిగితే ఇది చూపిస్తాను.

ఇబ్బందులున్నాయి. గంట దాటితే షేకర్ వేడెక్కుతుంది, పావుగంట ఆపాలి. అదురుకి నట్లు వదులై చెక్క గిలగిల కొట్టుకుంటుంది. స్ప్రింగ్ వాషర్లు వేశాక ఆ బాధ తగ్గింది. ఫోన్ నుంచి బ్లూటూత్‌లో పంపితే తెర మీద డప్పు కర్ర పడ్డాక దెబ్బ నాకు చేరుతోంది, కళ్లకీ ఒంటికీ పొత్తు కుదరక తలనొప్పి వచ్చింది. వైరే పెట్టండి. డబ్బాలో ఇచ్చిన కాగితంలో ఏ వైరు ఎక్కడ కలపాలో బొమ్మ లేదు. మాలాంటి వాళ్లం కొట్టుకి ఫోన్ చేసి అడగలేం కదా, ఒక్క బొమ్మ వేస్తే ఏం పోయింది?

మా అమ్మాయికి పదకొండేళ్లు, తనకి వినపడుతుంది, వీణ నేర్చుకుంటోంది. ఇన్నాళ్లూ తను వాయిస్తుంటే కుడం మీద, అంటే వీణకుండే పెద్ద గుండ్రటి బుర్ర మీద, అరచెయ్యి ఆనించి కూర్చునేవాణ్ణి. నా చెయ్యి బరువుకి నాదం తగ్గిపోతోందని దానికి చిరాకు, తీసెయ్యమనడానికి మొహమాటం. పోయిన నెల వీణకి అంటించే చిన్న మైకు తెచ్చి ఆంప్లిఫైయర్‌కి కలిపాను. ఇప్పుడు తను చాప మీద, నేను బల్ల మీద. నా వైపు చూడకుండా ఒక్కో తీగా మీటుతుంది, నేను వేళ్లతో ఎన్నో తీగో చూపించాలి. నాలుగోది, అన్నిటికన్నా కింది శ్రుతిది, ఎప్పుడూ తప్పలేదు. మొదటిదానికీ రెండోదానికీ ఇంకా తడబడుతున్నాను.

మా ఆవిడ వీపుతో వినాలంటోంది. వచ్చే ఆదివారం బల్లకి వెనక పలక బిగిస్తాను, అదీ పనసే.