టెస్ట్‌డిస్క్, ఫోటోరెక్: ఎనిమిదేళ్ళు వాడాక

మా అక్క పెళ్ళి ఫొటోలన్నీ ఒక 1 టీబీ ఎక్స్‌టర్నల్ డిస్కులో ఉండేవి. విశాఖ సీతమ్మధారలో ఓ సాయంత్రం కాపీ అవుతుండగా కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. కరెంటొచ్చాక సిస్టమ్ ‘ఫార్మాట్ చెయ్యమంటారా?’ అని అడిగింది. డాబాగార్డెన్స్‌లో ఒక షాపుకి పట్టుకెళ్తే 12 వేలవుతుంది, గ్యారంటీ మాత్రం లేదన్నారు.

ఇంటికొచ్చి, పాడైన డిస్కుల్ని మళ్ళీ తెరుచుకునేలా చేసే టెస్ట్‌డిస్క్ అనే ప్రోగ్రాం దించాను. ఉచితం, ఓపెన్ సోర్స్. నల్ల తెర, మౌస్ పనిచెయ్యదు, అంతా బాణం కీలే; మొదటిసారి చెమటలు పట్టాయి. అడ్వాన్స్‌డ్ మెనూలో బూట్‌లోకి వెళ్తే అసలు బూట్ సెక్టార్ (పార్టిషన్ వివరాలుండే మొదటి ముక్క) ‘బ్యాడ్’, బ్యాకప్ ‘ఓకే’ అని చూపించింది. విండోస్ వాడే ఫైల్ సిస్టమ్ (డిస్కులో ఫైళ్ళు సర్దే పద్ధతి) ఎన్‌టీఎఫ్‌ఎస్ తన బూట్ సెక్టార్ నకలొకటి పార్టిషన్ చివర దాచుకుంటుంది. ‘బ్యాకప్ బీఎస్’ కొట్టి, వై నొక్కి, డిస్క్ ఊడదీసి మళ్ళీ పెట్టాను. ఫోల్డర్లన్నీ పేర్లతో సహా దిగాయి! అప్పట్నుంచి చుట్టాల డిస్కులకు నేనే దిక్కు.

జతగా వచ్చే ఫోటోరెక్ సంగతి వేరు. ఫైల్ సిస్టమ్‌ని అది పట్టించుకోదు, ఫైలు మొదటి బైట్లు చూసి ఇది జేపీజీ, ఇది పీడీఎఫ్ అని గుర్తుపడుతుంది. బావ పొరపాటున ఫార్మాట్ కొట్టిన కెమెరా కార్డులోంచి భీమిలి ఫొటోలు దాదాపు అన్నీ తెచ్చింది. పేర్లు మాత్రం పోయాయి: ఎఫ్ తర్వాత అంకెలు, ఫోల్డరుకి 500 చొప్పున. వాటిని ఏరడానికి రెండు రాత్రులు పట్టింది. కార్డులో అక్కడో ముక్క ఇక్కడో ముక్కగా పడున్న పెద్ద వీడియోలు చాలావరకు తెరుచుకోలేదు.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. టిక్ టిక్‌మంటున్న ఓ స్నేహితుడి డిస్కుకి నేరుగా విండోస్‌లో డిస్కు తప్పులు సరిచేసే చెక్‌డిస్క్ పెట్టాను, అదీ డిస్కంతా చదివించే ‘ఆర్’ స్విచ్‌తో. సగంలో డిస్క్ కనపడటమే మానేసింది. ఇప్పుడైతే ముందు డిస్కు ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో సీ5 వరస (చదవడానికి మొరాయిస్తున్న సెక్టార్ల లెక్క) చూస్తాను. సున్నా కాకపోతే లైనక్స్ పెన్‌డ్రైవ్‌తో లేచి, డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాంతో ఇమేజ్ (డిస్కు మొత్తానికి నకలు) తీసుకుని, ఏం చేసినా ఆ ఇమేజ్ మీదే.

అన్నట్టు, కేబుల్ మార్చి చూడకుండా ఏదీ మొదలెట్టకండి. బీచ్‌రోడ్డు పక్క ఇళ్ళలో ఉప్పు గాలికి పిన్నులు తుప్పెక్కుతాయి. పెదవాల్తేరు నుంచి నా దగ్గరికొచ్చిన రెండు ‘చచ్చిన’ డిస్కులు కొత్త కేబుల్‌తోనే లేచాయి.

ఎస్‌ఎస్‌డీ దగ్గర మాత్రం ఈ రెండూ చేతులెత్తేశాయి. పిన్ని ల్యాప్‌టాప్‌లో ఫైళ్ళు డిలీట్ చేసి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేసేసింది. ట్రిమ్ (డిలీట్ చేసిన చోటు ఇక అక్కర్లేదని ఎస్‌ఎస్‌డీకి చెప్పే ఏర్పాటు) ఆన్‌లో ఉండటంతో ఆ ఫైళ్ళున్న చోట సున్నాలే. ఆ మాట ఆవిడకి చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది.