డీఫెన్‌బంకర్ మ్యూజియం: అణుయుద్ధం వస్తే కెనడా ప్రభుత్వం పనిచేయవలసిన చోటు

కెనడా రాజధాని ఒట్టావాకు పడమట కార్ప్ అనే ఊరి శివార్లలో ఉన్న డీఫెన్‌బంకర్‌కు బయటి నుంచి చూస్తే ఏ ప్రత్యేకతా లేదు. పచ్చిక పెరిగిన దిబ్బ, దాని పక్కన ఒక రేకుల షెడ్డు, అంతే. మ్యూజియం మొత్తం నేల కింద నాలుగు అంతస్తుల్లో ఉంది. ఆపత్కాలంలో ప్రభుత్వం చేతులెత్తేయకుండా ఉండడానికి నిజంగా ఏమేమి కావాలో తెలుసుకోవాలనుకునేవారికి ఇంతకంటే మంచి పాఠశాల నేను చూడలేదు.

సోవియట్ యూనియన్ నుంచి అణుదాడి జరగవచ్చునన్న భయంతో ప్రధాని జాన్ డీఫెన్‌బేకర్ హయాంలో, 1959-1961 మధ్య, దీనిని రహస్యంగా నిర్మించారు. 535 మంది అధికారులు, మంత్రులు, సైనికులు బయటి సహాయం లేకుండా 30 రోజులు ఇక్కడే ఉండి దేశాన్ని నడపాలన్నది ప్రణాళిక. ఆ అవసరం ఎన్నడూ రాలేదు. 1994లో సైన్యం దీనిని మూసివేయగా, 1998లో మ్యూజియంగా తెరిచారు.

లోపలికి దారితీసే పొడవాటి సొరంగం దగ్గర కాసేపు ఆగి చూడాలి. బంకర్ తలుపులను సొరంగం చివర కాకుండా పక్క గోడలో అమర్చారు. పేలుడు తాకిడి ఒక కొసన ప్రవేశించి, తలుపులను నేరుగా ఢీకొనకుండా, రెండో కొస నుంచి బయటకు పోవాలన్నది ఇంజనీర్ల ఆలోచన. తలుపు దాటగానే అణుధూళిని కడిగివేసే స్నానపు గదులు వస్తాయి.

మంత్రివర్గ సమావేశ మందిరం, సందేశాలు పంపి అందుకునే గదులు, శస్త్రచికిత్స గది, ప్రజలతో మాట్లాడడానికి కెనడా ప్రభుత్వ ప్రసార సంస్థ సీబీసీ రేడియో స్టూడియో, అట్టడుగు అంతస్తులో బ్యాంక్ ఆఫ్ కెనడా బంగారం కోసం కట్టిన ఖజానా, అన్నీ వరుసగా కనిపిస్తాయి. నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది ఆ ఖజానాయే. నగరాలు బూడిదైన తరువాత బంగారం ఎందుకన్న సందేహం సహజమే. కానీ జీతాలివ్వలేని, ధాన్యం కొనలేని, తన నోటుకు విలువ ఉందని జనాన్ని నమ్మించలేని ప్రభుత్వం ఎంత లోతున దాక్కున్నా ప్రభుత్వంగా మిగలదు. అందుకే ఆ ఖజానాను, రేడియో స్టూడియోను కలిపి చూడాలని నా సలహా. ఒకటి నమ్మకాన్ని కాపాడడానికి, మరొకటి ఆ నమ్మకాన్ని ప్రజలకు చేరవేయడానికి.

అయితే ఈ ప్రణాళికలో నాకు మింగుడుపడని విషయం ఒకటుంది. లోపలికి రావలసినవారి కుటుంబాలకు ఇందులో చోటు లేదు. ప్రధానికి కేటాయించిన గది సైతం ఒక్కరికే ఉద్దేశించినది. భార్య ఆలివ్‌ను వదిలి తాను ఇక్కడికి రానని డీఫెన్‌బేకర్ అన్నట్టు చెబుతారు. ఆయనే అలా అనుకుంటే, భార్యాబిడ్డలను బయట వదిలి వచ్చి టెలిప్రింటర్ ముందు కూర్చోవలసిన చిన్న ఉద్యోగి మనసు ఎలా ఉండేది? కాంక్రీటు మందాన్ని అంత జాగ్రత్తగా లెక్కగట్టిన పెద్దలు, పనిచేసే మనిషి నిజంగా వస్తాడా రాడా అన్న లెక్కను పక్కన పెట్టారని నాకు బలంగా అనిపించింది. నేటి విపత్తు ప్రణాళికలు రాసే అధికారులు తప్పకుండా చూడవలసిన లోపమిది.

కిటికీలు లేని గదుల్లో ఊపిరాడనట్టు అనిపించేవారు ముందే ఆలోచించుకోవడం మంచిది. ప్రచ్ఛన్న యుద్ధం గురించి చదువుకునే వయసు పిల్లలకు మాత్రం ఇది బాగా నచ్చుతుంది. మే నెలలో ఒట్టావాలో జరిగే ట్యూలిప్ పూల ఉత్సవానికి టొరంటో నుంచి వచ్చే మన తెలుగు కుటుంబాలు పార్లమెంటు చూసి వెనుదిరగకుండా దీనికి ఒక పూట కేటాయిస్తే సరిపోతుంది. సొంతంగా తిరగడం కంటే గైడ్ వెంట వెళ్లడమే మేలు; ఏ గదిలో ఎవరు కూర్చుని ఏ పని చేయవలసి ఉండేదో తెలిస్తేనే ఆ పాత యంత్రాలు అర్థమవుతాయి.