శ్రీకాళహస్తి కలంకారీలో క్వెట్జాల్ వేయించాం, ఎలా వచ్చిందంటే

హాల్ గోడకి కలంకారీ అంటే మా తిరుపతిలో చాలామంది దశావతారాలో కల్పవృక్షమో తెచ్చుకుంటారు. మా అమ్మాయికి గ్వాటెమాలా జాతీయ పక్షి క్వెట్జాల్ అంటే ప్రాణం, అందుకని శ్రీకాళహస్తిలో ఇంట్లోనే పని చేసే ఒక అక్క దగ్గర దాన్నే వేయించాం. పనితనం చూసి చెబుతున్నా, ధైర్యంగా ఆర్డర్ ఇవ్వచ్చు, కాకపోతే కొన్ని ముందే మాట్లాడుకోండి.

గుడ్డ నిలువుగా ఉండాలి. క్వెట్జాల్ ఒళ్లు 40 సెంటీమీటర్లకి మించదు గానీ మగదానికి తోక మీంచి జారే ఈకలు ఒక్కోసారి 60 సెంటీమీటర్లు దాటతాయి. ఫొటో చూడగానే అక్క, "ఇంత పొడుగు పెట్టుకోని తొర్రలో ఎట్ల కూర్చుంటాదమ్మా?" అంది. మగది కూడా గుడ్లు పొదుగుతుందని, అప్పుడు ఆ ఈకలు వీపు మీదుగా వంగి తొర్ర బయటికి వేలాడతాయని చెప్పాను. అంతే, ఒక మూలన పుచ్చిన మాను, తొర్ర, బయటికి రెండు ఈకలు గీసిచ్చింది, దానికి అదనంగా పైసా అడగలేదు.

రంగు గురించే నాకు టెన్షన్. ఆ ఆకుపచ్చ ఈకల్లోని సన్నటి పొరల మీద వెలుతురు పడి వచ్చే మెరుపు, పక్షి కదిలితే నీలంగానూ కనిపిస్తుంది. కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ మీద అంత మెరుపు రాదు, రాలేదు కూడా. కానీ ఆమె పసుపు మీద నీలిమందుని ఒకచోట పలచగా ఒకచోట చిక్కగా వేసింది, వీపు ఆకుపచ్చగా ఉండి తోక చివరికొచ్చేసరికి నీలానికి తిరిగింది. దగ్గరికెళ్లి చూడండి, ఒక్కో ఈకకీ కసిమి, అదే కలంకారీ నల్లరంగు, గీత కలం నొక్కిన చోట లావుగా, లేపిన చోట వెంట్రుకంత సన్నగా ఉంటుంది. పొట్ట ఎరుపు అద్భుతం.

నచ్చనిది పండ్లు. ఈ పక్షి చిన్న చిన్న అడవి అవకాడోలని గుటుక్కున మింగి గింజ కక్కేస్తుంది, దక్షిణ మెక్సికో నుంచి పనామా దాకా మబ్బులు కమ్మే ఆ కొండ అడవుల్లో చెట్లు మొలవడానికి అదీ ఒక కారణం. అంత ముఖ్యమైన పండు, చెప్పినా మామిడి పిందెలే పడ్డాయి. పండు ఫొటో కూడా ఇచ్చి, బొగ్గుతో గీసినప్పుడే చూసుకోండి.

3,500 అయింది, చేతిపనికి న్యాయమైన ధరే. వానాకాలంలో మాత్రం ఇవ్వకండి, ఎండ లేక మాది బాగా లేటయింది. ఉతికితే చన్నీళ్లలో, ఆరేస్తే నీడలో.