నుమాయిష్‌కా, శిల్పారామానికా?

సంక్రాంతికి ఊరు వెళ్లలేక హైదరాబాద్‌లోనే ఉండిపోతే సాయంత్రం గడపడానికి రెండు మంచి చోట్లున్నాయి.

నాంపల్లి నుమాయిష్ అనే ఎగ్జిబిషన్ 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలైంది. ఇప్పుడు ఏటా జనవరి 1 నుంచి నెలన్నర పాటు సాగుతుంది. గాంధీభవన్ మెట్రో స్టేషన్‌లో దిగితే నడిచే దూరం. అక్కడ కశ్మీరు శాలువాల దగ్గర బేరం ఓ పట్టాన తెగదు. ‘ఆఖరి ధర చెప్పండి’ అని నాలుగడుగులు వేస్తే వెనక నుంచి పిలుస్తారు. పిలవకపోతే సిగ్గు విడిచి మనమే తిరిగి వెళ్లాలి (నేను వెళ్లాను). చేతిలో మిర్చి బజ్జీల పొట్లం, కాగితానికి ఊరుతున్న నూనె, మైకులో తప్పిపోయిన పిల్లల గురించి ప్రకటన. సెలవు రోజైతే మనం నడవక్కర్లేదు, జనమే నెట్టుకుపోతారు.

మాదాపూర్‌లోని హస్తకళల గ్రామం శిల్పారామంలో ఇంత తోపులాట ఉండదు, చెట్ల నీడ ఉంటుంది. పండగకు హరిదాసులు, గంగిరెద్దులు వస్తారు. బసవన్న తల ఊపగానే అపార్టుమెంటు పిల్లలు అమ్మ కొంగు చాటు నుంచి తొంగి చూస్తారు. చేనేత చీరలూ దొరుకుతాయి, కానీ బేరంలో ఆ మజా లేదు.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వెంట ఉంటే శిల్పారామమే. నా ఓటు మాత్రం, దుమ్ము రేగినా సరే, నుమాయిష్‌కే. ఆదివారం తప్ప.