గాంధీ రోడ్డు పక్క సందులో రికార్డు ప్లేయర్ రిపేర్, నా అనుభవం

మా నాయన మద్రాసులో పని చేసే రోజుల్లో మూర్ మార్కెట్‌లో పాత రికార్డులు ఏరుకొచ్చేవాడు, 1985లో ఆ మార్కెట్ కాలిపోకముందు కొన్నవి ఇంకా ముప్పై దాకా ఉన్నాయి మా ఇంట్లో. సగం లీల, జిక్కి, ఘంటసాల. మిగతా సగం అమెరికా గాయనులు ఎల్లా ఫిట్జెరాల్డ్, జూలీ లండన్, సారా వాన్, పెగ్గీ లీ. నాయన పోయినాక ప్లేయర్ అటకెక్కింది.

పోయిన నెల దించి వేస్తే ఎల్లా గొంతు సాగిపోయి మొగోడు పాడినట్టు వచ్చింది. ఒక షాపులో చూపిస్తే పాత ఇనుముకి వేసేయమన్నారు, ప్రాణం ఉసూరుమంది. తర్వాత తెలిసినోళ్ళు చెప్తే తిరుపతిలోనే గాంధీ రోడ్డు పక్క సందులో మిక్సీలు, టేబుల్ ఫ్యాన్లు బాగుచేసే పెద్దాయన దగ్గరికి తీసుకుపోయినా. బోర్డు కూడా లేదు.

ఆయన మూత తీసి ముందు ప్లేటుని తిప్పే బెల్ట్ బయటికి లాగి వేలికి చుట్టి చూపించినాడు, రబ్బరు సాగి వదులైపోయింది. "ప్లేటు నిమిషానికి 33 చిల్లర చుట్లు తిరగాల సామీ, ఇది ముప్పై కూడా తిరగడంలా, అందుకే గొంతు బరువెక్కింది" అన్నాడు. ముల్లు భూతద్దం కింద పెట్టి చూపించినాడు, కొస ఒక పక్కకి అరిగిపోయింది, దాంతోనే వేసుకుంటా పోయుంటే రికార్డు మీదుండే గాడులు చెక్కుకుపోయేవంట. రెండూ చెన్నై నుంచి తెప్పించి కూలితో కలిపి 1,850 తీసుకున్నాడు. నాలుగు రోజులన్నది పదకొండు రోజులైంది, ఫోన్ ఎత్తడు, మనమే పోయి అడగాల. దానికే ఒక స్టార్ తగ్గించినా.

టెస్ట్ చేద్దామని జూలీ లండన్ 1955 రికార్డు తీసుకుపోయినా. అందులో వాయిద్యాలు రెండే, బార్నీ కెసెల్ గిటారు, రే లెదర్‌వుడ్ బాస్. అంత తక్కువ సంగీతంలో గొంతులో ఏ చిన్న తేడా ఉన్నా దొరికిపోతాది. మైకులు రాకముందు హాలు చివరి వరసకి వినపడేట్టు గొంతెత్తి పాడాల్సిందే, ఈమె మాత్రం మైకు పక్కనే నిలబడి ఒక్క మనిషికి చెప్పుకున్నట్టు పాడతాది, లైను ఎత్తుకునే ముందు తీసుకునే ఊపిరి కూడా వినపడతాది. అది ఫోన్ స్పీకర్లో నాకెప్పుడూ వినపళ్ళా. పెద్దాయన చేతిలో స్క్రూడ్రైవర్ అట్లే పట్టుకుని నిలబడిపోయినాడు, పాట అయినాక "ఇంగ్లీషు నాకు రాదు గానీ, ఈయమ్మ ఎవరిమీదో బాగా అలిగినట్టుండాదే" అన్నాడు. నిజంగానే ఆ పాట వదిలేసి పోయినోడు మళ్ళీ తిరిగొచ్చి ఏడిస్తే ఆమె ఇచ్చే జవాబు! నాకు ఒళ్ళు జలదరించింది.

ఇంటికొచ్చి ఎల్లా బెర్లిన్ కచేరీ వేసినా, 1960లో చేసింది, ఒక పాట మధ్యలో మాటలు మర్చిపోయి అక్కడికక్కడే సొంత మాటలు కట్టి లయ తప్పకుండా పాడేసింది, దానికే గ్రామీ అవార్డు కూడా వచ్చింది. పాత బెల్ట్ మీద ఆ హుషారంతా చచ్చిపోయి వినిపించేది, ఇప్పుడు పక్క గదిలో మా అమ్మ కూడా కాలితో తాళం వేస్తా ఉంది.

జిక్కి రికార్డు కూడా తెమ్మన్నాడాయన, వాళ్ళ కుటుంబం మన చంద్రగిరి నుంచి మద్రాసు పోయినోళ్ళే కదా అని. ఈ ఆదివారం పోతా ఉన్నా. మీరు పోతే సాయంత్రం ఐదు దాటినాక పోండి, ప్లేయర్‌తోబాటు మీకిష్టమైన రికార్డొకటి పట్టుకుపోండి, ఆయన విని గానీ ఇవ్వడు.