ఐలమోరాడాలో ఫ్లై కాస్టింగ్: పడవ కన్నా పచ్చిక మీద పెట్టిన డబ్బే దక్కింది

ఐలమోరాడా ఉన్న ఫ్లోరిడా కీస్ దీవులకి ఫ్లై ఫిషింగ్ (ఈకలు చుట్టిన తేలిక కొక్కెంతో చేపలు పట్టడం) అని వెళ్లేవాళ్లు ముందు పడవ బుక్ చేస్తారు. నన్నడిగితే ముందు వెతుక్కోవాల్సింది గడ్డి మీద నిలబెట్టి విసరడం నేర్పే మనిషిని. గైడుతో ఒక రోజు స్కిఫ్ (లోతులేని నీళ్లలో తిరిగే చిన్న పడవ) ఎక్కితే టిప్పుతో కలిపి వెయ్యి డాలర్లకు అటూఇటూ అవుతుంది. అంత పోసి ఎక్కాక, ఎదురుగా చేప కనిపిస్తుంటే లైన్ మెళ్లో చుట్టుకుని నిలబడడం ఎవరికి ముద్దు?

ఏప్రిల్ చివర్లో టాంపా నుంచి నేనూ మా బావమరిదీ కార్లో ఐలమోరాడాకి బయల్దేరాం. వాడు స్కైవే పియర్ మీద ఏళ్ల తరబడి గాలం వేస్తున్నవాడు. 1980లో ఓడ గుద్ది కూలిపోయిన సన్‌షైన్ స్కైవే పాత వంతెనలో మిగిలిన భాగాలే ఇప్పుడా పియర్. బతికున్న రొయ్యని గుచ్చి స్పిన్నింగ్ రాడ్‌తో ఎంత దూరమంటే అంత దూరం కొడతాడు. తీరా ఫ్లై రాడ్ పట్టుకునేసరికి ఆ అలవాటే వాడికి అడ్డం పడింది. స్పిన్నింగ్‌లో ఎర బరువే దారాన్ని లాక్కుపోతుంది, భుజబలం చూపించినకొద్దీ దూరం. ఫ్లై అంటే కొక్కేనికి చుట్టిన ఈకలూ వెంట్రుకలూ, దానికి బరువేముంటుంది? ఇక్కడ విసిరేది లావుపాటి లైన్‌ని. అది వెనక్కి పూర్తిగా విప్పుకునేదాకా ఆగాలి, అప్పుడే ముందుకు తోస్తే రాడ్ సరిగ్గా వంగుతుంది. తొందరపడితే లైన్ వచ్చి కాళ్ల దగ్గర కుప్పపడుతుంది.

మొదటి రోజు ఒక షాపువాళ్ల గ్రూప్ క్లాసుకి వెళ్లాం. ఎనిమిదిమందికి ఒకడే గురువు. బాగానే విసురుతాడు, సందేహం లేదు. అవలీలగా తొంభై అడుగులు కొట్టి చూపించాడు. మేం చప్పట్లు కొట్టాం. మనం విసిరేటప్పుడు మాత్రం పక్కన ఉండడు. ఎవరికైనా కుదరకపోతే రాడ్ లాక్కుని మళ్లీ తనే విసురుతాడు. పైగా అక్కడ అద్దెకిచ్చిన రీలుకి చల్లటి నీళ్లలో వాడే లైన్ చుట్టి ఉంది. కీస్ ఎండకి అది మెత్తబడి రాడ్ రింగులకి అతుక్కుపోతుంటే నేర్చుకునేదేముంది? ఉష్ణమండలానికి చేసిన లైన్ కావాలని ముందే అడిగి తీసుకోండి.

మర్నాడు పొద్దున ఒక పెద్దావిడ దగ్గర విడిగా పాఠం. ఫ్లై ఫిషర్స్ ఇంటర్నేషనల్ వాళ్ల కాస్టింగ్ ఇన్‌స్ట్రక్టర్ సర్టిఫికెట్ ఉన్న మనిషి. కొక్కెం బదులు లీడర్ (లైన్ చివర కట్టే సన్నటి దారం) కొసన నూలుపోగు కట్టి, మా ఇద్దర్నీ చెరో నాలుగుసార్లు విసరమంది, మాట్లాడకుండా చూసింది. తర్వాత మావాణ్ని రాడ్ పక్కకి, నేలకి సమాంతరంగా ఊపమంది. విసిరిన ప్రతిసారీ లైన్‌ని గడ్డి మీద పడనిచ్చి ఆగమంది. తలమీద కనపడని లూప్, అంటే గాల్లో లైన్ తిరిగే వంపు, అలా చేస్తే కళ్లెదుటే కనిపిస్తుంది. మావాడి రాడ్ మొదట్లోనే ఝాడిస్తోంది, చివర ఆగట్లేదు. ఆ మొదటి ఝాడింపు వల్లే లైన్ దాన్నది దాటుకుని ముడిపడుతోందని వాడికి వాడే కనిపెట్టాడు. "బావా, వల విసిరినట్టు ఒళ్లంతా తిప్పకూడదు, ఇక్కడ పనంతా ఆపడంలో ఉంది" అన్నాడు.

డబుల్ హాల్ నేర్పిన తీరు ఇంకా నచ్చింది. గాలిని చీల్చుకుపోవాలంటే రాడ్ కదిలే క్షణంలోనే ఎడంచేత్తో లైన్‌ని చటుక్కున లాగి వదలాలి, వెనక్కొకసారి, ముందుకొకసారి. ముందు చేతిలో ఏమీ లేకుండా అభినయం చేయించింది. ఆ తర్వాత రాడ్ పైసగం మాత్రమే ఇచ్చింది. పూర్తి రాడ్ చేతికొచ్చేసరికి ఎడంచెయ్యి దాని పని అది చేసుకుపోతోంది. 2018లో పోయిన ఫ్లై కాస్టింగ్ గురువు లెఫ్టీ క్రే, రాడ్‌ని గడియారంలో పది అంకెకీ రెండు అంకెకీ మధ్యే ఊపాలనే పాత పద్ధతిని కాదని, చేతిని ఇంకా వెనక్కి తీసుకెళ్లమని జీవితమంతా చెప్పాడు. ఈవిడదీ అదే దారి.

ఆఖర్న ఐస్ పెట్టె మీద నిలబెట్టింది, అదే పడవ ముక్కు అనుకోమంది. "రెండు గంటలు, నలభై అడుగులు!" అని అరుస్తూ గడ్డి మీద ఎక్కడో హులాహూప్ పడేస్తుంది. పడవ ముక్కు పన్నెండు గంటలు, కుడిపక్క మూడు. గాల్లో రెండుసార్లకి మించి ఊపకుండా నూలుపోగు అందులో పడాలి. ఉప్పునీటి చేప మన కోసం ఆగదు కాబట్టి తొంభై అడుగుల కన్నా ఈ నలభై అడుగుల చురుకే ముఖ్యం. గాలి కుడిభుజం మీదికి కొడితే వెనక్కి తిరిగి, వెనక విసురుతోనే ఫ్లై అందించడం కూడా చేయించింది. లేకపోతే కొక్కెం వచ్చి చెవికి తగులుతుంది. టోపీ, కళ్లద్దాలు లేకుండా రావద్దని ఫోన్లోనే చెప్పింది.

బసకి బే వైపున వంటగది ఉన్న చిన్న మోటెల్ తీసుకున్నాం. టార్పన్ అనే పెద్ద చేపల సీజన్ కాబట్టి రేటు మండిపోతోంది. ఫ్లోరిడా సిటీలో ఉంటే సగంలో పోతుంది గానీ పొద్దున్నే గంటకి పైగా కారు నడపాలి, తెల్లారకముందే పడవెక్కేవాళ్లకి అది నరకం. రైస్ కుక్కర్ తీసుకెళ్లడం వల్ల పులిహోరతో గడిచిపోయింది. కీ లైమ్ పై మాత్రం ఎక్కడ తిన్నా బాగుంది.

పడవ రోజు గాలి గట్టిగా ఉంది. గైడు వెనక మంచె మీద నిలబడి గడకర్రతో తోస్తూ మోకాలి లోతు నీళ్లలోకి తీసుకెళ్లాడు. నీడలు కూడా కనపడని చోట బోన్‌ఫిష్ అనే చేపని చూపించాడు. మంచివాడు, కేకలెయ్యడు. మావాడు పదకొండు గంటల వైపు చక్కగా వేశాడు, చేప నోట కరిచింది. పియర్ మీది అలవాటుకొద్దీ వెంటనే రాడ్ పైకెత్తేశాడు, కొక్కెం ఊడిపోయింది. ఇక్కడ రాడ్ కదపకుండా ఎడంచేత్తో లైన్ లాగి గుచ్చాలి. మధ్యాహ్నం ఒక చేప దక్కింది. ఫ్లోరిడాలో బోన్‌ఫిష్ పట్టినా వదిలెయ్యాల్సిందే, కూర ఆశలు పెట్టుకోకండి. గైడు పడవలో చేపలు పట్టే లైసెన్స్ గొడవ మనకుండదు. సొంతంగా నీళ్లలో దిగి విసిరితే ఎవరిది వాళ్లకుండాలి.

మళ్లీ వెళ్తే గ్రూప్ క్లాసు జోలికి పోను. ఆవిడ దగ్గర ఇంకో పూట తీసుకుని, పడవ సగం రోజుకే మాట్లాడతాను. పిల్లలతో వెళ్లేవాళ్లు 77వ మైలురాయి దగ్గర్లోని రాబీస్ మెరీనాలో ఆగండి, రేవు మీద నుంచి టార్పన్లకి చేతులారా మేత వేయొచ్చు. బకెట్ మీద ఓ కన్నేసి ఉంచండి, పెలికన్లు సగం మింగేస్తాయి.